దసరా పిల్లలకు పెట్టిన వేరే డబ్బా గురించి

తేదీ: 20-9-1965
చింతరాళ్లపాడు

నందిగామ తాలూకా తహశీల్దారు గారి సముఖమునకు, చింతరాళ్లపాడు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు బొంతు ఆశీర్వాదం వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: దసరా గిలకలు పట్టుకొని ఇంటింటికీ తిరుగు చిన్నపిల్లలకు ఎండ్రిన్ పురుగుమందు డబ్బాలతో పప్పుబెల్లాలు పెట్టకుండా వెంటనే ఉత్తర్వులు ఇప్పించుట గురించి.

పంచాయతి సమితి ఉద్యోగినై ఉండి పై అధికారుల ద్వారా కాక నేరుగా తమకు వ్రాయుట తప్పని ఎరుగుదును. ఆ దారిన మూడుసార్లు వ్రాసినాను. జవాబు రాలేదు. బదిలీ వచ్చినది. సరిహద్దులో యుద్ధము జరుగుచుండగా ఒక రేకు డబ్బా గురించి తమ కాలము హరించుట కూడ తప్పే. కాని వచ్చే ఆదివారము పాడ్యమి. ఆ రోజు నుంచి పిల్లలు వీధిలోకి వస్తారు. అందువలన ఈ క్రింది సంగతులు మనవి చేసుకొనుచున్నాను.

1. నేను చందర్లపాడు వాస్తవ్యుడను, క్రైస్తవుడను. ఈ బడికి వచ్చి మూడేండ్లు. బడిలో అరవై ఒక్కమంది పిల్లలు. వారిలో ఇరవై ఇద్దరు ఊరికి అవతలనున్న హరిజనుల పాలెం పిల్లలు. దసరాకు బడిపిల్లలు రంగు కాగితాలు చుట్టిన వెదురు గిలకలు పట్టుకొని, పంతులు వెంట పద్యాలు పాడుతూ ఇంటింటికీ పోవుట, గిలకలలోని పూలు, బుక్కాపొడి ఆ ఇంటివారి మీద చల్లుట, వారు పప్పుబెల్లాలు పెట్టుట తాము ఎరిగినదే. ఈ గ్రామంలో ఆ రోజుల్లో పాలెం పిల్లలకు మాత్రము సెలవని చెప్పుట ఆనవాయితీ. వారు బడి గోడ మీద కూర్చుని ఊరేగింపు చూచేవారు. నేను వచ్చిన మొదటి రెండు దసరాలకూ అట్లాగే చూచినారు. పోయిన ఏడు నేను, పోతే అందరం పోదాము, లేకపోతే ఎవరమూ వద్దు అన్నాను. పాలెంలో పెద్దలు ఆ పండుగ మనది కాదు గదా మేష్టారూ అన్నారు. పండుగ ఎవరిదైనా పప్పుబెల్లాలు పిల్లలవి అని నేనే నచ్చజెప్పినాను.

2. గ్రామ మునసబు తిరుపతిరావు గారు చెడ్డవారు కారు. బడికి పెంకులు వేయించినది ఆయనే. నేను వెళ్లి అడిగితే సరే అన్నారు, ఒక షరతు పెట్టినారు. వాళ్లమ్మ బసవమ్మ గారు పాతకాలపు మనిషి గనుక పాలెం పిల్లలు దొడ్డి గుమ్మం దగ్గర నిలబడాలి, వాళ్లకు పెట్టే గిన్నె వేరే ఉండాలి అన్నారు. తక్కిన ఇళ్లవారు కూడ అదే పద్ధతి అనుసరిస్తామన్నారు. ఆ షరతుకు ఒప్పుకున్నవాడిని నేను. ఈ వాక్యము అర్జీకి అవసరము లేదు. అయినా వ్రాసినాను.

3. పోయిన ఏడు మహర్నవమి నాడు ఉదయం తొమ్మిది గంటలకు మునసబు గారింటికి చేరినాము. ఊరి పిల్లలు ముప్పైతొమ్మిదిమంది వాకిట్లో, పాలెం పిల్లలు పదిహేడుమంది దొడ్డి గుమ్మం దగ్గర. వాళ్లలో ప్రేమకుమారి అనే పిల్ల అందరికంటే చిన్నది. ఏడేండ్లు, రెండో తరగతి. కూలి చేసుకొనే జయమణికి ఒక్కతే కూతురు. క్రిస్మస్‌కు గుడిలో కట్టగా మిగిలిన రంగు కాగితంతో తనే కిరీటం చేసుకుని పెట్టుకుంది. గిలక సరిగా పట్టడం రాక పూలన్నీ తన ముఖం మీదనే పోసుకుంది.

బసవమ్మ గారు ఊరి పిల్లలకు ఇత్తడి పళ్లెంలోంచి పెట్టి, దొడ్డివైపు వచ్చినారు. చేతిలో తెల్లగా మెరిసే రేకు డబ్బా ఉంది. మూత కోసి, చేతికి గీసుకోకుండా అంచు సుత్తితో అణిచి ఉంది. ఆమె విసుక్కోలేదు. ఒక్కొక్క పిల్లను నువ్వు ఎవరి పిల్లవే అని అడిగి, తల్లి పేరు చెబితే, అయితే ఇంకో గుప్పెడు పట్టు అని పెట్టినారు. చివర నలుగురు మిగిలినారు. అడుగున బెల్లం కరిగి అంటుకుపోయింది. ఆమె వేళ్లతో గీకి ఆ నలుగురికీ పంచి, ఆఖరున ఉన్న ప్రేమకుమారితో, "చిన్నదానివి, అడుగు బెల్లమంతా నీదే పో" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. చూసి సంతోషించాను కూడా.

నాలుగో ఇంటి దగ్గర ఆ పిల్ల తల తిరుగుతోంది మేష్టారూ అంది. ఎండ దెబ్బ అనుకున్నాను. అరుగు నీడన కూర్చోబెట్టి, మిగతా పిల్లలను తర్వాతి ఇంటికి నడిపించాను. ఆ ఇంట్లో పద్యం సగంలో ఉండగా వెనక కేక వినిపించింది. వచ్చి చూస్తే పిల్ల అరుగు మీంచి కింద పడి కొట్టుకుంటోంది. పళ్లు బిగుసుకుపోయినాయి. నోట నురుగు. కిరీటం తల కింద నలిగింది. ఇంతలో ఇంకో ముగ్గురు అట్లాగే పడినారు. ఆ ముగ్గురికి వాంతి అయింది. ఆ పిల్లకు కాలేదు. తల్లి పత్తి చేలో కలుపు తీస్తోంది, కబురు పెట్టి ఆమె వచ్చేదాకా ఆగకుండా బండి కట్టించాను. జగ్గయ్యపేటకు తొమ్మిది మైళ్లు. సగం దారిలోనే నా ఒళ్లో ప్రేమకుమారి పోయింది. మిగతా ముగ్గురూ బతికినారు.

4. మరణ రిజిస్టరులో మునసబు గారు వాంతిభేది అని రాసినారు. పాలెం బావిలో బ్లీచింగు పౌడరు పోయించినారు. పిల్లలకు కలరా సూదులు వేసినారు. తాము దయతో ఆలోచించండి. ముప్పైతొమ్మిదిమంది ఊరి పిల్లలు అదే పప్పు, అదే బెల్లం, అదే పూట తిన్నారు. ఒక్కరికీ కడుపులో నొప్పి కూడా రాలేదు. పేటలో ఒక డాక్టరు గారు ఆ ముగ్గురినీ చూసి, విరేచనం ఒక్కసారైనా అయిందా అని అడిగినారు. లేదన్నాను. కలరాకు ఇట్లా మూర్ఛలు రావు, మీ ఊళ్లో పత్తికి ఏం మందు కొడతారు అని అడిగినారు. ఎండ్రిన్ అన్నాను. కాగితం మీద రాసివ్వమంటే, శవాన్ని చూడకుండా ఎలా రాయను అన్నారు. అప్పటికే పిల్లను మట్టి చేశాము.

5. పదకొండో రోజున నేను ఒక్కడినే బసవమ్మ గారి దగ్గరికి వెళ్లాను. ఆ డబ్బా చూపించమని అడిగాను. ఎందుకని అడగకుండా తెచ్చి ఇచ్చినారు. తిరగేసి చూశాను. కాగితం నానబెట్టి ఊడదీసినా రేకు మీద ఒక మూల ఎర్ర ముద్ర మిగిలే ఉంది. అడుగున అతుకులో బెల్లం నల్లగా గట్టిపడి ఉంది. వాసన చూస్తే పత్తి చేను వాసన.

"ఆ బొమ్మేంటి మేష్టారూ?" అని అడిగినారు ఆమె.

పుర్రె బొమ్మ అనీ, విషం మందులకు వేస్తారనీ చెప్పాను.

ఆమె ఆ ముద్రను వేలితో తడిమి చూసినారు. "మూడుసార్లు కడిగా. ముగ్గుపిండేసి తోమా. కొత్త డబ్బా గదా, పిల్లలకి శుభ్రంగా ఉంటుందని తీసిపెట్టా" అన్నారు.

అంతలో తిరుపతిరావు గారు వచ్చినారు. డబ్బా నా చేతిలోంచి తీసుకున్నారు. కలరాతో పోయిన పిల్లను తీసుకొచ్చి మా అమ్మ మీద పెడతావా, ఇంకోసారి ఈ గడప ఎక్కితే మర్యాద దక్కదు అన్నారు. డబ్బా అటక మీదకు విసిరినారు. ఆయన కోపానికి నాకు కోపం రాలేదు. తల్లి హంతకురాలని ఎవరైనా ఒప్పుకుంటారా. కానీ నేను ఆ మాట అనలేదు. ఆమె హంతకురాలు కాదు. ఆమెకు చదువు రాదు, అంతే. చదువు వచ్చిన నేను ఆ ముద్ర కనిపించేంత దగ్గరలోనే నిలబడి చూడలేదు.

6. ఈ పత్తి కాలంలో మా ఊరికి ఇరవైమూడు ఎండ్రిన్ డబ్బాలు వచ్చినట్లు పంటల పని చూచే గ్రామసేవక్ గారి పుస్తకంలో ఉంది. పోయిన నెలంతా బడి వదిలాక ఇల్లిల్లూ తిరిగి వెతికాను. పందొమ్మిది కనబడినాయి. ఒకటి కిరసనాయిలుకు. ఏడు విత్తనాలకు. మిగతా పదకొండూ మనుషుల నోటికి. చేలో కూలీలకు మజ్జిగ పోసే ముంత ఒకటి. రత్తయ్య కాఫీ హోటల్లో చూరు కింద పాలెం వాళ్ల కోసం బోర్లించిపెట్టిన గ్లాసులకు బదులు ఒకటి. ఆదెమ్మ గారింట్లో పనివాళ్లకు గంజి పోసేది ఒకటి. మిగిలినవీ అటువంటివే. ఇంట్లోవాళ్లు తినే సామానులోకి ఒక్క డబ్బా కూడా చేరలేదు. దీని మీద నేను వేరే వ్యాఖ్య చేయను.

అడిగితే అందరూ ఒకే మాట అన్నారు, కడిగాంలే మేష్టారూ అని. ఆదెమ్మ గారు మాత్రం విని, నా ఎదుటే రోకటిపోటుతో డబ్బాకు చిల్లి పొడిచినారు. మిగతావాళ్లు రేకు దండగ అన్నారు. కనపడని నాలుగు డబ్బాలు ఎవరి ఇంట్లో, ఏ గూట్లో ఉన్నాయో నాకు తెలియదు. వత్సవాయి, పెనుగంచిప్రోలు వైపు ఊళ్లన్నిటా ఇదే మందు కొడుతున్నారు. అక్కడ ఎవరూ వెతకలేదు.

7. ఇప్పుడు అసలు సంగతి. పోయిన గురువారం మునసబు గారు చావడిలో నలుగురినీ పిలిచి, "ఈ ఏడు పాలెం పిల్లలు పాడ్యమి నాడే ముందు మా ఇంటికి రావాలి. అందరూ చూస్తుండగా మా అమ్మ చేత్తో పెట్టింది తినాలి. అప్పుడు తెలుస్తుంది ఊరికి, నిజమేదో" అన్నారు. పోయినసారి లాగానే అన్నీ జరగాలట. గుమ్మం అదే, పద్ధతి అదే. పాత డబ్బా తుప్పు పట్టిందని మొన్న ఖాళీ అయిన కొత్త డబ్బా కోయించి పెట్టినారు. శనగపప్పు రెండింతలు తెప్పించినారు. ఆయనకు పిల్లల మీద పగ లేదు. తల్లి పేరు నిలబెట్టుకోవాలని ఉంది. అందుకే నాకు భయంగా ఉంది. పగ ఉన్నవాడినైతే బతిమాలవచ్చు, తల్లి కోసం చేసేవాడిని ఏమని బతిమాలను.

నేను శనివారం సాయంత్రం రిలీవు కావాలి. కొత్త మేష్టారు సోమవారం వస్తారు. మధ్యలో ఆదివారం ఉంది. ఆ రోజు ఈ బడికి ఎవరూ లేరు.

పిల్లలకు చెప్పాను. వద్దు, పోవద్దు, ఎవరేం పెట్టినా తినవద్దు అన్నాను. అందరూ తలలూపినారు. మొన్న మధ్యాహ్నం బడి వెనక గడ్డివామిలో తొమ్మిది గిలకలు దొరికినాయి. కొత్తగా కాగితాలు చుట్టినవి. పాలెం పిల్లలవే. వాళ్లను కొట్టలేకపోయాను. రెండేళ్లు గోడ మీద కూర్చోబెట్టి, ఒక్కసారి దింపి, మళ్లీ ఎక్కమంటే ఏ పిల్ల ఎక్కుతుంది.

వాళ్ల తల్లిదండ్రులు మా పిల్లలను పంపము అని అనలేరు. వాళ్లకు ఊరివాళ్ల చేలలోనే కూలి. జయమణి మొన్న బడికి వచ్చింది. ఏడవలేదు. "పోయింది నా పిల్ల మేష్టారూ, దాన్నెవరూ తేలేరు. ఉన్నోళ్లనెవరాపుతారు, మీరు పోతే?" అని అడిగింది. తమకు అర్జీ రాస్తానన్నాను. రాస్తే ఆగుతారా అంది. ఏమో అన్నాను.

8. కావున తాము దయయుంచి,
(అ) ఆదివారము లోపల మా గ్రామంలోను, చుట్టుపక్కల గ్రామాలలోను దండోరా వేయించి, ఖాళీ అయిన మందు డబ్బాలన్నిటికి చిల్లులు పొడిపించి పూడ్పించవలెను.
(ఆ) దసరా పిల్లలకు ఎవరేమి పెట్టినా విస్తరాకులోనే పెట్టునట్లు ఉత్తర్వు చేయవలెను.
(ఇ) ఊరి పిల్లలకు, పాలెం పిల్లలకు ఒకే గిన్నెలోంచి పెట్టించవలెను. ఇది తమ ఉత్తర్వుల పరిధిలోకి వచ్చునో రాదో నాకు తెలియదు. ఒకే గిన్నె అయి ఉంటే ఆ పిల్ల బతికేది. లేదా యాభై ఆరుమందీ పోయేవారు, అప్పుడు ఎవరూ కలరా అని రాసేవారు కాదు.
(ఈ) ప్రేమకుమారి మరణము గురించి మరల విచారణ జరిపించవలెను.

నా బదిలీ రద్దు చేయమని అడుగుట లేదు. పది రోజులు వాయిదా వేయించినా చాలును. అదీ కుదరనిచో, ఆదివారము నాడు ఆ దొడ్డి గుమ్మం ముందు నిలబడుటకు ఒక బంట్రోతునైనా పంపవలెను.

తమరు ఇతర కాగితాలు ప్రక్కనుంచి, పాడ్యమికి ముందే దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బొంతు ఆశీర్వాదం

తా.క. తేదీ 21-9-1965, జగ్గయ్యపేట, ఆసుపత్రి వసారా.

అయ్యా, పొద్దున టపాలో వేద్దామని ఈ అర్జీ జేబులో పెట్టుకున్నా. వేయలేదు. ఇక్కడే ఉన్నా గనక ఇంకో నాలుగు ముక్కలు రాస్తున్నా.

ఎనిమిదిన్నర గంటలకు బళ్లో హాజరు తీసుకుంటుంటే తిరుపతిరావు గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. కాళ్లకు చెప్పుల్లేవు. "మా అమ్మ పడిపోయింది, మీరు రండి" అన్నారు. నన్ను మీరు అని ఆయన చాలా రోజుల తర్వాత అన్నారు.

దారిలో చెప్పారు. బసవమ్మ గారు నిన్న సాయంత్రమే ఆ కొత్త డబ్బాను మూడుసార్లు కడిగి, ముగ్గుపిండితో తోమి, పప్పు, బెల్లం కలిపి పోసిపెట్టారట. పొద్దున స్నానం చేసి, కొడుకుని పిలిచి, "కూచోరా ఇక్కడ. లేవమాక, చూడు" అన్నారట. ఆమె నిజంగా ఏం చేస్తోందో ఆయనకు తెలియలేదు, పిల్లలకు పెట్టేముందు రుచి చూస్తోందనుకున్నారు. ఆమె పైపైన తినలేదు. అడుగున కరిగినదంతా వేళ్లతో గీకి తిన్నారు. తిని, చేతులు కడుక్కొని, కొడుకు ఎదురుగా గోడకు ఆనుకొని కూర్చున్నారు. పడిపోవడానికి ముప్పావుగంట పట్టింది.

పత్తి లారీ ఒకటి దొరికితే దాంట్లో తీసుకొచ్చాం. దారిలో రెండుసార్లు మూర్ఛ వచ్చింది. ఆమె తల కొడుకు ఒళ్లో ఉంది, కాళ్లు నేను పట్టుకున్నా. డాక్టరు గారు ఏం తిన్నదని అడిగారు. నేను చెప్పబోయి ఆగాను. ఆయన చెప్పాలనిపించింది. తిరుపతిరావు గారు గోడ వైపు చూస్తూ, "ఎండ్రిన్ అండీ" అన్నారు.

ట్యూబు వేసి కడుపు కడిగారు. రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు.

సాయంత్రం నాలుగింటికి ఆమె కళ్లు తెరిచారు. నోరు సరిగా తిరగడం లేదు. కొడుకుని చూడలేదు, నన్ను చూశారు. "మేష్టారూ, ఆ పిల్లకీ ఇట్టాగే అయిందా?" అని అడిగారు.

పడుకోండమ్మా అన్నాను. ఆమె మళ్లీ అదే అడిగారు. అవునమ్మా అన్నాను. అప్పుడు కళ్లు మూసుకున్నారు.

తిరుపతిరావు గారు బయటికి వచ్చి వసారా మెట్ల మీద కూర్చున్నారు. జేబులో ఆ కాగితాలేమిటని అడిగారు. దాచలేదు, ఇచ్చాను. మొదటి నుంచి చివరిదాకా చదివారు. నాలుగో అంశం దగ్గర రెండోసారి చదివారు. కలం అడిగి తీసుకున్నారు.

ఈ అర్జీని రేపు పొద్దున మొదటి బస్సుకి నేనే తెచ్చి తమ కచేరీలో ఇస్తాను. మా ఊరి సంగతి ఎట్లా ఉన్నా, పక్క ఊళ్లలో ఆదివారం పిల్లలు బయటికి వస్తారు. వాళ్ల చేతుల్లో ఎవరు ఏ డబ్బాలోంచి ఏం పోస్తారో చెప్పేవాడు లేడు. దండోరా మాత్రం ఆపవద్దు.

కింద రాసినది మునసబు గారి స్వదస్తూరీ.

"పై అర్జీ చదువుకున్నాను. పోయిన సంవత్సరం జయమణి కూతురు ప్రేమకుమారి, వయస్సు ఏడు, మరణ కారణం వాంతిభేది అని నేను రిజిస్టరులో రాసినది తప్పు. ఎండ్రిన్ మందు. పెట్టినది మా ఇంట. దిద్దుటకు అనుమతి కోరుచున్నాను. — తిరుపతిరావు, గ్రామ మునసబు, చింతరాళ్లపాడు."